నోట్లో థర్మామీటరు

ఆ రోజు పొద్దున్న డాక్టరమ్మ మనసులో వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే ఆసుపత్రికి వెళ్లాలి, మధ్యాహ్నం పన్నెండింటికి కమిటీ ముందు తన పరిశోధన గురించి పది నిమిషాలు మాట్లాడాలి, రీసెర్చ్ ఫెలోషిప్ ఖాయం చేసుకుని ఇంటికి రావాలి. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాలన్న కోరికతో, బాగా నడుస్తున్న క్లినిక్కుకు తాళం వేసి, ఈ వయసులో మళ్లీ పరిశోధన నేర్చుకుంటానని బయల్దేరిన మనిషి ఆవిడ. ఆ ఉద్యోగానికి దారి ఈ ఫెలోషిప్ మీదుగానే ఉంది. కమిటీ ఇప్పటికే ఒకసారి కాదంది. ఇవాళ కూడా కాదంటే మూటాముల్లె సర్దుకోవడమే.

"అమ్మాయ్, ఇవాళ మీ ఆసుపత్రిలో..." అని వంటింట్లోంచి అత్తగారు మొదలుపెట్టింది.

"తెలుసత్తయ్యా, మీటింగు. గుర్తుంది."

"మీటింగు కాదే, మా..."

"మీ మందులు మీ అబ్బాయి తెస్తాడు."

"అయ్యో, చెప్పేది విను తల్లీ..."

"సాయంత్రం తీరిగ్గా వింటాను" అంటూ డాక్టరమ్మ చెప్పులేసుకుని గడప దాటేసింది.

ఇంతకీ ఆవిడ పరిశోధన దేని మీదంటే, రోగి మాట్లాడుతుంటే డాక్టర్లు ఎంతసేపు అడ్డు రాకుండా వింటారన్నదాని మీద.

కమిటీకి పెద్ద తలకాయ సర్జరీ విభాగం అధిపతి. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. పోయినసారి డాక్టరమ్మ రెండో వాక్యం ఎత్తుకోకముందే, చేతిలో ఫోన్లోంచి తలెత్తకుండా, "మన దగ్గర ఆ సమస్య లేదమ్మా. నేను ప్రతి పేషెంటు మాటా పూర్తిగా వింటాను" అని కొట్టిపారేశాడు. ఆ సంగతి తెలిసి, పరిశోధన నేర్పే గైడు మేడమ్ ఒక సలహా ఇచ్చింది. "పేషెంటు పక్కన నిలబడి చూసింది చాలు. ఆ తెల్లకోటు తీసేసి, ఒకసారి వార్డులో మంచం మీద పడుకో. కమిటీకి ఏం చెప్పాలో నీకే తెలుస్తుంది."

గైడు చెప్పాక తప్పుతుందా? ఆ పొద్దున్న ఆసుపత్రికి రాగానే డాక్టరమ్మ కోటూ, గుర్తింపు కార్డూ గైడు గదిలోనే వదిలేసి, తనను ఎవరూ ఎరగని సర్జరీ వార్డుకు వెళ్లింది. కిటికీ పక్కన ఒక మంచం ఖాళీగా కనిపించింది. కాసేపే కదా అని నడుం వాల్చి, పైకప్పు మీది తడిమరక చూస్తూ కళ్లు మూసుకుంది.

"ఎక్కడికెళ్లారండీ ఇంతసేపూ? ఈ మంచం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో!"

ఆ పూటే డ్యూటీ ఎక్కిన సిస్టర్ ఎదురుగా నిలబడి ఉంది.

"సిస్టర్, నేను పేషెంటు..."

"పేషెంటన్నాక చెప్పి వెళ్లాలా వద్దా?" అంటూ సిస్టర్ ఆవిడ నోట్లో థర్మామీటరు పెట్టేసింది. "చేతి పట్టీ కూడా పోగొట్టుకున్నారా? ఉండండి, ఇంకోటి కడతాను. మీకు నలభై ఎనిమిదంటే ఎవరూ నమ్మరండీ!"

నలభై కూడా నిండని డాక్టరమ్మ, అది పొగడ్తో కాదో తేల్చుకునేలోపే పట్టీ బిగిసింది. బట్టల మీదే ఆపరేషన్ గౌనూ, జుట్టు మీద టోపీ కూడా వచ్చి పడ్డాయి. నిజం చెప్పాలంటే, ఆవిడకు మొదట్లో కోపం కన్నా సంబరమే ఎక్కువైంది. తన పరిశోధన తనంతట తనే మంచం దగ్గరికి నడిచొచ్చింది మరి. ఒక డాక్టరు కూడా ఇలాగే మాటకు అడ్డు వస్తే చూసుకుని లేద్దామనుకుంది. ఆ ఆశే కొంప ముంచింది.

డ్యూటీ డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు. "నొప్పి ఉందా? ఉంటుంది. రాత్రి నుంచి ఏమీ తినలేదుగా? తినలేదు. భయంగా ఉందా? అది మామూలే." ప్రశ్నలూ ఆయనవే, జవాబులూ ఆయనవే. థర్మామీటరు నోట్లో ఉన్న మనిషి పాత్ర "ఊఁ, ఊఁ" దగ్గర ఆగిపోయింది. అది బయటికి రాగానే ఆవిడ ఒక్క ఉదుటున అందుకుంది.

"చూడండి, నేను ఇక్కడ డాక్ట..."

"మీ కోడలు ఇక్కడే డాక్టరు, తెలుసండీ! నిన్న చేరినప్పటి నుంచీ అందరికీ అదే చెబుతున్నారట కదా."

"నాకు కోడలేంటి? నేను..."

"ఇంకా చూడ్డానికి రాలేదా? పనిలో ఉండుంటారు పాపం. అంతమాత్రానికి బంధుత్వం కాదనుకుంటారా?"

ఇక బీపీ చూశారు. పెరగక ఏం చేస్తుంది? "ఆందోళన ఎక్కువగా ఉంది" అని తేల్చారు. అక్కడి నుంచి ఆవిడ ఏమన్నా అది ఆందోళన ఖాతాలోకే వెళ్లింది. స్ట్రెచర్ ఎక్కించిన వార్డుబాయ్ కూడా, "పడిపోతారమ్మా" అని బెల్టు గట్టిగా బిగించాడు.

ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో పెద్దాయన ఎదురయ్యాడు. డాక్టరమ్మ ప్రాణం లేచొచ్చింది.

"సార్! నన్ను గుర్తుపట్టారా?"

"ఎందుకు గుర్తుపట్టనమ్మా? పిత్తాశయంలో రాళ్లు. నిన్న చూసింది నేనేగా!" అన్నాడాయన. నిన్న ఆయన చూసింది పొట్టనే గాని మొహాన్ని కాదు. పక్కనున్న అసిస్టెంటు వైపు తిరిగి, "తొందరగా కానిద్దాం. పన్నెండింటికి మీటింగుంది. డాక్టర్లు పేషెంట్ల మాట వినరని ఎవరో ఒకమ్మాయి పరిశోధన చేస్తుందట. పనులు మానుకుని అది వినాలి" అన్నాడు.

"సార్, ఆ అమ్మాయి నే..."

"మాట్లాడకండమ్మా, బీపీ ఇంకా పెరుగుతుంది."

అప్పుడు మాత్రం ఆవిడకు నిజంగా భయం వేసింది. పిత్తాశయం గురించి కాదు. కోటు వేసుకుని నిలబడ్డా ఈయన ముందు ఒక మాట పూర్తి చేయలేకపోయింది, కోటు లేకుండా పడుకున్నా అంతే. ఇంక పన్నెండింటికి వెళ్లి ఏం చెప్పగలదు? తాళం వేసి వచ్చిన క్లినిక్కు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

"ఆపండి! ఆ బండి ఆపండి!"

గౌనులో ఉన్న ఒకావిడ ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చింది. ఆవిడ చేతికీ పట్టీ ఉంది. "మా అక్క కోడలు పొద్దున్నే వచ్చి పలకరిస్తుందని మా అక్క చెప్పింది. ఎంతకీ రాకపోతే నేనే అన్ని అంతస్తులూ వెతుక్కుంటూ తిరిగాను. తీరా వస్తే, నా ఆపరేషనుకి ఇంకెవర్నో తోసుకుపోయారంటారేమిటి? ఎవరా..." అంటూ స్ట్రెచర్ మీదికి వంగి, నోరు తెరిచేసింది. "ఓసి నువ్వా! అదేంటే అమ్మాయ్, నా ఆపరేషను నువ్వు చేయించుకుంటున్నావు!"

"చిన్నత్తయ్యా!" అంది డాక్టరమ్మ. పొద్దున్న అత్తగారు చెప్పబోయిందేమిటో అప్పుడు అర్థమైంది.

"అమ్మా, మీరొక్క నిమిషం..." అని పెద్దాయన కల్పించుకోబోయాడు.

"మీరుండండి డాక్టరుగారూ! నిన్నా ఇంతే, చెబుతుంటే సగంలో వెళ్లిపోయారు. ఆ మధ్య పన్ను పీకినప్పుడు ఏదో ఇంజెక్షను పడక నా గొంతు మూసుకుపోయింది. ప్రాణం మీదికొచ్చింది. ఆ మాటే చెబుదామనుకున్నాను. విన్నారా?"

పెద్దాయన మొహం పాలిపోయింది. అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని, "ఏ ఇంజెక్షనమ్మా? మొదటి నుంచీ చెప్పండి" అన్నాడు. చిన్నత్తగారు పంటినొప్పి మొదలైన రోజు నుంచి చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు. ఆపరేషన్ వాయిదా పడింది.

పన్నెండింటికి డాక్టరమ్మ కమిటీ ముందు నిలబడింది. తొందరలో టోపీ తీయడం మర్చిపోయింది.

"సభ్యులందరికీ నమస్కారం. నా పరిశోధన..."

"అర్థమైందమ్మా!" అన్నాడు పెద్దాయన. "ఫెలోషిప్ ఇచ్చేశాం. మా విభాగంతోనే మొదలుపెట్టండి. ఇంకేమీ చెప్పక్కర్లేదు."

ఆవిడ కష్టపడి బట్టీపట్టిన పది నిమిషాల ప్రసంగం నోట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుంది. "అత్తయ్యా, పొద్దున్న ఏదో చెప్పబోయారు. చెప్పండి. నేను మధ్యలో మాట్లాడను."

అత్తగారు చెల్లెలి ఆపరేషనుతో మొదలుపెట్టి, చెల్లెలి పెళ్లికి వెళ్లి, అక్కడి నుంచి ఇద్దరి చిన్నతనానికి చేరుకుంది. కోడలు ఊకొడుతూ వింటూనే ఉంది. పొయ్యి మీద కూర అడుగంటినా కదల్లేదు. అత్తగారికి అనుమానం వచ్చి, మాట ఆపి, కోడలి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందత్తయ్యా, ఇవాళ..."

డాక్టరమ్మ ఆ మాట పూర్తి చేసేలోపే అత్తగారు థర్మామీటరు తెచ్చి నోట్లో పెట్టేసింది.