నోరు తెరవని డాక్టర్

పంటి డాక్టర్ దగ్గర నోరు తెరవాల్సింది పేషెంట్ ఒక్కడే. డాక్టర్ తెరవకూడదు. ఇది నా స్థిరమైన అభిప్రాయం. దీనికోసం అవసరమైతే కలెక్టరేట్ ముందు ధర్నాకైనా సిద్ధమే!

ఇంత ఆవేశం ఎందుకంటారా? ఈ మధ్య పంటి డాక్టర్లకు కొత్త పాఠాలు చెబుతున్నారట. పన్ను చూపించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషినీ తంబాకు, అదే పొగాకు, అలవాటు ఉందా అని అడగాలట. ఉంటే మానమని చెప్పాలట. అక్కడితోనైనా వదిలిపెడతారా? ఎలా మానాలో కూడా చెప్పి, కొన్నాళ్లాగి ఫోన్ చేసి ‘ఎట్లుంది?’ అని అడగాలట! సొంత అల్లుడు కూడా ఇంతగా పట్టించుకోడు. పన్ను పీకించుకున్న పాపానికి ఇంత చుట్టరికమా?

మా సుల్తానాబాద్‌లో ఇలాంటి మర్యాద తప్పిన పనులు జరగవు. మా పంటి డాక్టర్ విద్యాధర్ గారు ఆ శిక్షణకు వెళ్లొచ్చారు. భోజనంలో వంకాయ కూర బాగుందన్నారు. వాళ్లిచ్చిన సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, నోటి క్యాన్సర్ పోస్టర్ పక్కన తగిలించారు. ఆ పోస్టర్ మీది బొమ్మ చూస్తే అన్నం సహించదు కనుక, దాని మీద క్యాలెండర్ వేలాడదీశారు. పేషెంట్ మనసు నొప్పించని వైద్యం అంటే అదీ!

అలాగని ఆయన బొత్తిగా ఏమీ అడగరని కాదు. ‘ధూమపానం ఉందా?’ అని అడుగుతారు. మా ప్రాంతంలో ధూమపానం ఎవరికి ఉంటుంది చెప్పండి? బీడీ ఉంటుంది, చుట్ట ఉంటుంది, జర్దా ఉంటుంది. ఆదిలాబాద్ వైపు ఆడవాళ్లు తంబాకును మాడ్చి, పొడి చేసి, దానితో పండ్లు తోముకుంటారు. దాని పేరు మిస్రీ. ఖానాపూర్ నుంచి వచ్చిన మా అనసూర్య పెద్దమ్మ ఆ కుర్చీలో కూర్చుని చెంపలేసుకుంది.

“రామ రామ! నాకే అలవాటూ లేదు బిడ్డా. పొద్దుమాపు మిస్రీతోని పండ్లు తోముకునుడే.”

రెండు పూటలా తోముకోవడం మంచిదని డాక్టర్ గారు మెచ్చుకున్నారు.

ఇక నా దోస్తు బుచ్చిరాములు సంగతి. వరి పండిస్తాడు, గుట్కా నములుతాడు. ధూమపానం లేదన్నాడు, నిజమే చెప్పాడు. గుట్కా గురించి డాక్టర్ గారు అడగలేదు. ఎలా అడుగుతారు? గుట్కా మన రాష్ట్రంలో నిషేధం కదా! లేని వస్తువు గురించి చదువుకున్న మనిషి ఎలా మాట్లాడతాడు? పండ్ల మీది ఎర్ర మరకలు మాత్రం శుభ్రంగా గీకి పంపారు. మళ్లీ మరకలు పట్టాక మళ్లీ గీకారు. వీడు పూయడం, ఆయన కడగడం. ఇంత చక్కటి సహకారం మన సహకార సంఘాల్లో ఉందా?

ఒకసారి బుచ్చిరాములే నోరు జారబోయాడు. “సారూ, కారం తింటే నోరు మస్తు మండుతుంది,” అన్నాడు. “కారం తగ్గించు,” అన్నారు డాక్టర్ గారు. వీడు కారం తగ్గించాడు.

ఆ రోజు బయటికి వస్తూ నాతో అన్నాడు: “మానుమంటడేమో అని పోయిన. అంటే మానుతుంటి. గంత పెద్ద డాక్టరే ఏమనలే అంటే ఏం కానట్టే గదా!” అని, హాయిగా ఒక ప్యాకెట్ చింపాడు.

మొన్న వేములవాడలో వీడి మనవరాలి పుట్టువెంట్రుకలు తీయించారు. ప్రసాదం లడ్డూ బుచ్చిరాములు నోట్లోకి పోలేదు. లడ్డూ పెద్దదేం కాదు, వీడి నోరే ఒక్క వేలు సందుకు మించి తెరుచుకోవడం లేదు. భార్య రామవ్వ దాన్ని పొడిపొడిగా నలిపి, పసిపిల్లకు పెట్టినట్టు పెట్టింది. తెల్లారి వాణ్ని డాక్టర్ దగ్గరికి లాక్కొచ్చింది. తోడుగా నేనూ వెళ్లాను.

డాక్టర్ గారు టార్చి వేసి, “నోరు తెరువు,” అన్నారు. వాడు తెరిచాడు. “ఇంకా,” అన్నారు. ఇంకా లేదు. ఆయన టార్చి ఆర్పి, మొట్టమొదటిసారి తేట తెలుగులో అడిగారు:

“గుట్కా తింటవా?”

బుచ్చిరాములు తల వంచుకున్నాడు. రామవ్వ ఊరుకోలేదు.

“గీ మాట అప్పుడే అడిగితే నీ నోట్లె ముత్యాలు రాల్తుండెనా సారూ?”

డాక్టర్ గారు గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు. బుగ్గ లోపలి నుంచి చిన్న ముక్క తీసి, క్యాన్సరేమో చూడమని కరీంనగర్‌కు పరీక్షకు పంపారు. రిపోర్టు రావాలి. రామవ్వ రోజూ అన్నం మెత్తగా పిసికి గంజిలో కలిపి పెడుతోంది, నాకు మాత్రం అన్నం దిగడం లేదు.

కాబట్టి నా స్థిరమైన అభిప్రాయానికి చిన్న సవరణ. పంటి డాక్టర్ దగ్గర నోరు తెరవాల్సింది పేషెంట్ ఒక్కడే అని పైన రాశాను. మా బుచ్చిరాములుకు ఇక అది చేతకాదు. దయచేసి డాక్టర్లే తెరవండి.