కనకవ్వ మోకాలికి వచ్చిన చుట్టాలు

ఆపరేషన్ చేసి పెట్టిన కొత్త మోకాలికి చీము పట్టడం అదృష్టమంటే మీరు నవ్వుతారు. నవ్వండి! చెన్నూరు కనకవ్వను చూశాక ఎంతటివారైనా ఒప్పుకోవాల్సిందే.

మోకాలు బాగున్న ఏడాదంతా ఆమె గడప ఎవరు తొక్కారు? కాలు వాచి, కుట్టు పక్కన తడి కనిపించగానే వాడకట్టంతా దిగింది.

కరీంనగర్ డాక్టరు ఒక్కటే చెప్పాడు. "రెండు వారాలు ఏ యాంటిబయాటిక్ గోలీ మింగకు. తర్వాత సూదితో మోకాల్లోని నీరు తీసి పరీక్షకు పంపుతా. ముందే మందులు వాడితే క్రిమి దొరకదు. ఏ మందుకు చస్తదో తెలవదు. అప్పుడు కీలు దక్కుడు కష్టం."

ఎంత అన్యాయం! రోగిని చూడటానికి వట్టి చేతులతో పోతామా? ఒకప్పుడు బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకెళ్లేవాళ్లం. ఇప్పుడు ఎదిగాం, యాంటిబయాటిక్ పట్టుకెళ్తున్నాం! పక్కింటి వెంకటి తన పంటినొప్పికి వాడగా మిగిలినవి తెచ్చాడు. కనకవ్వ వాటిని దిండు కింద దాచింది.

తర్వాత బోథ్ నుంచి వియ్యపురాలు ఐలవ్వ వచ్చింది. అంటే కూతురు నవనీతకు అత్త.

"ఈ గోలీలు నీ అల్లుడు దుబాయి నుంచి పంపిండు వదినె. గీడ దొరికేటియి కావు. ఏస్కో."

"డాక్టరు వద్దన్నడు వదినె."

"డాక్టరు మీద ఉన్న నమ్మకం మా మీద లేదన్నట్టు."

ఐలవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

మీరే చెప్పండి, మోకాలు ముఖ్యమా, బిడ్డ కాపురమా? కనకవ్వ మింగింది. ఐలవ్వ చాయ్ తాగింది. ఒకరివి మింగాక వెంకటివి కాదనడం బాగుంటుందా?

పరీక్షలో ఏ క్రిమీ పెరగలేదు. "రిపోర్టు సాఫ్ వచ్చింది, ఫికర్ లేదు" అని వెంకటి వాడంతా చెప్పాడు. మోకాలు మాత్రం రిపోర్టు చదవలేదు. కారుతూనే ఉంది.

"గోలీలు ఎవరిచ్చిన్రు?" డాక్టరు అడిగాడు.

"ఎవ్వలియ్యలే సారు. సూడొచ్చినోళ్లు తెచ్చిన్రు."

చివరికి కీలు తీసేసి, ఆ చోట మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టారు. లోపలి నుంచి తీసిన ముక్కల్లో క్రిమి దొరికింది. దాన్ని చంపే మందూ తెలిసింది. ఇక కొత్త కీలు పెట్టేది పుండు మానాకే.

ఐలవ్వ మళ్లీ వచ్చింది, ఇంకో రకం గోలీలతో.

"అవి నువ్వే ఉంచుకో వదినె," అంది కనకవ్వ. "బత్తాయిలు తెస్తే ఈడ పెట్టు."

ఐలవ్వ చాయ్ ముట్టకుండానే బస్సెక్కింది. కనకవ్వకు పొగరెక్కిందని వాడకట్టు తేల్చేసింది. నవనీత ఫోన్ చేసింది: "మా అత్త జర అలిగింది, కోపం దిగుతది తియ్యి. నువ్వు కాలు సూస్కో అవ్వా."

పాపం కనకవ్వ! ఇప్పుడు చూడటానికి ఎవరూ రావడం లేదు. పుండు మాత్రం మానుతోంది.