ఇచ్చట నిర్ణయాలు తీసుకోబడవు

"పన్ను ఎగ్గొట్టడానికి దేశం దాటిన కంపెనీ పాతాళంలో దాక్కున్నా వదిలేది లేదు!" అని ఢిల్లీలో మా మంత్రి రాజగోపాల్ గారు ప్రకటించగానే హాలంతా చప్పట్లు. మొదటి చప్పట్లు నావే. నేను ఆయన పీఏని.

దేశం దాటింది తళతళ సబ్బుల కంపెనీ. దాటడమంటే మరీ దాటలేదు. ఫ్యాక్టరీ, ఆఫీసు, ఛైర్మన్ పృథ్వీరాజ్ గారు, అన్నీ గురుగ్రామ్‌లోనే ఉన్నాయి. హెడ్డాఫీసు మాత్రం పన్నుల్లేని ఏదో దీవిలో ఉన్నట్టు కాగితాల మీద రాసుకున్నారు.

"కాగితాలదేముంది సార్," అంది పన్నుల అధికారి సుభాషిణి. "పెద్ద నిర్ణయాలు ఎక్కడ తీసుకుంటే కంపెనీ అక్కడిదే. ఆయన ఇక్కడ నిర్ణయం తీసుకుంటూ దొరికితే చాలు, పన్ను కట్టాల్సిందే."

మంత్రిగారు పొంగిపోయి, సాక్షిగా నన్నూ ఆమె వెంట పంపారు.

గురుగ్రామ్ ఆఫీసులో ఛైర్మన్ గారు చిరునవ్వుతో ఎదురొచ్చారు. కూర్చోమనలేదు. అది నిర్ణయం కిందికి వస్తుందేమోనని అనుమానమట. మేమే కూర్చున్నాం.

"చాయా, కాఫీయా సార్?" అడిగాడు క్యాంటీన్ భయ్యా.

"లాయర్ గారిని అడుగు."

లాయర్ సెలవులో ఉన్నాడు. భయ్యా రెండూ ఒకే కప్పులో పోసి తెచ్చాడు. ఛైర్మన్ గారు మొహం చిట్లించకుండా తాగేశారు. అంతటి నిగ్రహం మునుల్లో కూడా అరుదు.

మేనేజర్ శశిధర్ వచ్చాడు. "సార్, కొత్త సబ్బు గులాబీ రంగులో తెద్దామా, పచ్చ రంగులోనా?"

"రెండూ రంగులే," అన్నారాయన జాగ్రత్తగా.

"పోనీ, ఏసీ పెంచమంటారా?"

"చెమట పడుతోందని మాత్రం చెప్పగలను."

మధ్యాహ్నం కింద ఫ్యాక్టరీలో సబ్బునూనె అంటుకుంది. గదిలోకి పొగ వచ్చేసింది. స్టాఫంతా తలుపు దగ్గర మూగారు. "సార్, ఫ్యాక్టరీ ఆపేసి బయటికి పొమ్మంటారా?"

ఛైర్మన్ గారు కళ్లు మూసుకున్నారు. సుభాషిణి కుర్చీలోంచి కదల్లేదు. నాకు పెళ్లాం, పిల్లలు, కట్టని స్కూలు ఫీజు వరసగా గుర్తొచ్చారు.

"అయ్యో, ఆపేయండ్రా! ఫ్యాక్టరీ మూసేయండి! పరిగెత్తండి!" అని అరిచారు ఛైర్మన్ గారు.

"నిర్ణయం తీసుకున్నారు!" అంది సుభాషిణి దగ్గుతూ, ఆనందంగా. "సాక్షి మీరే!"

అప్పటికి నేను రెండంతస్తులు దిగేశాను. అయినా విన్నాను. మంట ఆరింది, ఎవరికీ ఏమీ కాలేదు.

మంత్రిగారి ఆనందం చెప్పనలవి కాదు. అప్పటికప్పుడు సరోజినీ నగర్ బజారు నుంచి శాలువా తెప్పించి సుభాషిణికి కప్పారు. ఫొటోలయ్యాక ఆమె నోటీసు ముందు పెట్టింది.

"సంతకం పెడితే ఈరోజే పంపించేస్తాను సార్."

మంత్రిగారు పెన్ను మూత తీశారు. మళ్లీ మూత పెట్టేశారు. ఫోన్ తీసుకుని పక్కగదిలోకి వెళ్లారు. తలుపు సరిగ్గా పడలేదు.

"పృథ్వీరాజ్ గారూ, నమస్కారమండీ. సంతకం పెట్టమంటారా, వద్దంటారా?"

తిరిగొచ్చి గంభీరంగా కూర్చున్నారు.

"ఆయన ఇక్కడుండగా ఏమీ చెప్పకూడదటమ్మా. సాయంత్రం విమానానికి ఆ దీవికి వెళ్తున్నారు. దిగగానే మన నిర్ణయం చెప్తారు."