కుట్టని దోమకు గుర్తింపు వచ్చిన విధం

కుట్టనిదేదీ దోమ కాదనీ, దోమ కానిదాని విషయంలో దోమల విభాగానికి ఏ బాధ్యతా లేదనీ మా పట్టణ కార్యాలయం ఎప్పుడో తేల్చేసింది. ఇంత గొప్ప సూత్రం మా వీధి చివర ఇస్త్రీ కొట్టు నడిపే అక్కకి మాత్రం ఎక్కలేదు. (ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. బట్టలు తొందరగా వస్తాయని ఆశ.)

కొట్టు చెరువు పక్కన ఉంది. ఈమధ్యే దాని నెత్తిన తెల్లటి వీధి దీపం వెలిసింది. పొద్దుగూకితే చాలు, చెరువు మీంచి దోమల్లాంటి పురుగులు తెరలు తెరలుగా లేచి దీపం చుట్టూ మూగుతాయి. కుట్టవు, వాలతాయంతే. చూసుకోకుండా పెట్టె నడిపితే తెల్ల చొక్కా మీద పచ్చటి గీత పడుతుంది. ఉతికినా వదలదు. ఆసుపత్రి నర్సులూ, బ్యాంకు వాళ్ళూ ఒక్కొక్కరే తమ మూటల్ని వేరే కొట్టుకి మళ్ళించారు. ఇలాగే సాగితే అక్క కొట్టు కట్టేసుకోవాల్సిందే.

ఆవిడ అడిగింది చిన్న కోరిక. తెల్ల దీపం తీసి పసుపు దీపం పెట్టమని. పక్క వీధిలో పసుపు దీపానికి ఇవి అంతగా రావడం లేదు. ఒకసారి తనే దీపానికి పాత దుప్పటి ముక్క కట్టింది గానీ, ప్రజల వెలుతురుకి ఆటంకం కలిగిస్తున్నారని హెచ్చరించి విప్పించారు.

దోమల అధికారి అంతా ఓపికగా విన్నారు. ఎక్కడ కుట్టిందో చూపించమన్నారు. కుట్టలేదంది అక్క. అయితే కుట్టాక రమ్మన్నారు.

"కుట్టవు సార్. మరి వీటిని చూసేవాళ్ళెవరు?"

"ముందు ఇవి ఏవిటో తేలాలి కదమ్మా."

తేల్చడానికి ఒక కీటకాల పండితుణ్ణి పంపారు. వీధిలో పిల్లలు ఆయనకి భూతద్దం బాబాయి అని పేరు పెట్టారు. మంచి మనిషి. అక్క వేసిన స్టూలు మీద కూర్చుని, బట్టల మూటకే పాఠం చెబుతున్నంత ప్రేమగా వివరించారు. కుట్టే దోమ వాలినప్పుడు వెనక కాళ్ళు పైకెత్తుతుందట. ఇది ముందు కాళ్ళెత్తి కూర్చుంటుందట, అర్జీ పట్టుకొచ్చిన మనిషిలాగా. వీటిలో వేల జాతులున్నాయట. మంచులో బతికేవి, వేడినీటి ఊటలో బతికేవి, సముద్రంలో బతికేవి. చిన్నప్పుడు బురదలో ఉంటాయి, రెక్కలొచ్చాక నాలుగు రోజులు ఎగిరి చచ్చిపోతాయి, ఆ నాలుగు రోజులూ వాటిలో చాలావాటికి తిండి ధ్యాస కూడా ఉండదు. (అడగదు, తినదు, తొందరగా పోతుంది. ఏ కార్యాలయానికైనా ఇంతకంటే ఆదర్శ పౌరులు ఎక్కడ దొరుకుతారు?)

చిక్కల్లా ఒక్కటే. ఏ జాతిదో చెప్పాలంటే మగదాని తోక చివర చూడాలి. ఆడవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి గనక వాటిని పట్టుకుని ఏదీ రాయలేరు. అక్క సీసాలో పట్టి ఉంచినవన్నీ ఆడవే.

"మరి మగవెక్కడుంటాయి బాబాయిగారూ?"

"పైన గుంపు కట్టి ఊరికే తిరుగుతుంటాయమ్మా."

"మా వీధిలోనూ అంతే," అంది అక్క, కాలరు మడత సరిచేస్తూ.

ఈ శాస్త్రీయ పద్ధతి దోమల అధికారికి ఎంతో నచ్చింది. అర్జీలకీ దీన్నే వర్తింపజేసి, ఇంటాయన్ని వెంటబెట్టుకు రమ్మని అక్కకి కబురంపారు. ఆయన లారీ మీద దూరం వెళ్ళాడనీ, ఊళ్ళో ఉన్నా ఇస్త్రీ పెట్టె ఏ వైపు వేడెక్కుతుందో ఆయనకి తెలియదనీ అక్క చెప్పింది. రెండోది అడ్డంకి కాదన్నారు.

ఈలోగా బాబాయి పొడుగాటి కర్రకి వల కట్టి మగవాటిని పట్టేశారు. వాటి తోక చివర ఏ పుస్తకంలోనూ లేని తీరులో ఉంది. కొత్త జాతి! ఆనందం పట్టలేక దానికి దోమల అధికారి పేరే పెట్టేశారు. (పురుగుకి అన్యాయం జరిగిందని వీధిలో ఒకరిద్దరు గొణిగారు.) అది ఈ చెరువు దగ్గర, ఈ దీపం కింద తప్ప ఇంకెక్కడా కనబడలేదు గనక, దీపం మార్చరాదనీ, ఆ చుట్టుపక్కల వేడి వస్తువులేవీ ఉండరాదనీ ఉత్తర్వు వచ్చింది.

అక్క దగ్గరున్న వేడి వస్తువు ఒక్కటే.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఖాళీ చేయమని చెప్పడానికి అధికారి స్వయంగా వచ్చారు. అంత పెద్దమనిషి కొట్టు దాకా నడిచి రావడం మా వీధి చరిత్రలో మొదటిసారి. అక్క ఆయనకీ స్టూలు వేసింది.

"దీపం మొన్న వచ్చింది సార్. నేను అంతకు ముందు నుంచీ ఇక్కడే ఉన్నాను."

"కాదనలేనమ్మా," అన్నారాయన ఎంతో మెత్తగా. "కానీ అది అరుదైన జాతి. మీలాంటివాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు."

అక్క బల్లా, పెట్టే సర్దుకుని వాళ్ళ చెల్లెలి ఇంటి వసారాలోకి మారింది. పురుగుల సంగతి దీపాల విభాగానికి ఎవరూ చెప్పలేదు, అది వేరే అంతస్తులో ఉంటుంది. వాళ్ళు తనిఖీకి వచ్చి, చెరువు పక్కన రాత్రిళ్ళు పని చేసుకునేవాళ్ళెవరూ లేరని గమనించి, కరెంటు దండగని ఆ దీపం పీకేశారు.

అక్క కోరినట్టే తెల్ల దీపం తొలగించామని ఆవిడ ఫోనుకి సందేశం వచ్చింది. కార్యాలయం పని చేయలేదని అనడానికి వీల్లేదు.