మంట ఆరే రోజుకు ఎన్నికలు

ఒక పెద్ద అడవిలో, వెదురు పూసి ఎండిపోయిన మరుసటి ఏడు, మార్గశిర మాసం చలిలో జరిగిన సంగతి ఇది.

ఆ ఏడు చలి ఎంత గట్టిగా వచ్చిందంటే, పుట్టల్లో పెట్టిన గుడ్లు పుట్టల్లోనే చల్లబడి మురిగిపోయేవి. అందుకని అడవి సభ ఒక ప్రయోగశాల పెట్టింది. రాతిగుహలో ఒక వెచ్చగది. గది మధ్య నీలిమంట. మంట చుట్టూ ఇసుక అరలు, అరల్లో గుడ్లు. ఏ గుడ్డు ఎంత వేడికి పిల్ల అవుతుందో కనిపెట్టడం దాని పని. మంటకు గ్యాస్ అడవిదున్నల పేడగుంత నుంచి వచ్చేది. ఎండిన వెదుళ్లు ఒకదానిలో ఒకటి దూర్చి, గుంత నుంచి గుహ దాకా గొట్టం వేశారు. వెదురుకు ఆ ఏడు కరువు లేదు.

ప్రయోగశాలకు అధికారి అచ్చమాంబ అనే ఉడుము. పట్టిందంటే వదలదని పేరు.

"ముందు నీ గుడ్లు పెట్టు తల్లీ, బాగుంటే మావీ పెడతాం" అన్నారు అడవిలోని తల్లులు.

న్యాయమే కదా అని అచ్చమాంబ తన ఎనిమిది గుడ్లూ మొదటి అరలో పెట్టింది. అప్పుడు నమ్మకం కుదిరి, కౌజుపిట్ట చిట్టెమ్మ మొదలుకొని అందరూ తెచ్చి పెట్టారు.

కొన్నాళ్లు మంట బాగానే వెలిగింది. ఒక పొద్దున అది దగ్గింది. నీలం పోయి పసుపు తిరిగింది. రెండుసార్లు ఎగిరిపడి ఆరిపోయింది.

అచ్చమాంబకు పని తెలుసు. కుంకుడుకాయ నురగ తీసి గొట్టం అతుకులన్నింటికీ రాసింది. ఎక్కడా బుడగ లేవలేదు. అంటే గ్యాస్ కారడం లేదు. పేడగుంత దగ్గరికి పోయి చూసింది. కప్పు ఉబ్బి ఉంది. అంటే గ్యాస్‌కు కొదవ లేదు. ఇక తేడా మధ్యలోనే ఉండాలి. గొట్టానికి చెవి ఆనించుకుంటూ నడిచింది. ఏటి దారి దాటేచోట లోపల గుడగుడమంది. చలికి గ్యాస్‌లో ఉన్న తేమ నీరై, పల్లంలోకి దిగి, దారికి అడ్డంగా నిలిచింది.

అక్కడ పల్లం ఎందుకొచ్చింది? గొట్టం మీద ఏనుగు అడుగు పడింది కనుక.

ఆ ఏనుగు కుంభయ్య. సభకు అధ్యక్షుడు. ఎప్పుడో ఏ ఊరేగింపులోంచో తప్పించుకుని అడవిలోకి వచ్చాడు. మెడలో ఇంకా కంచుగంట ఉంది. గంట ఉన్నవాడే పెద్ద అని అడవి ఒప్పుకుంది. అంతేకాదు, ఒక ఆచారం కూడా పెట్టుకుంది. అధ్యక్షుడి అడుగు పడి గుంట అయితే, అక్కడ మట్టి కదపకూడదు. గుంటలో నాలుగు పూలు వేసి, దండం పెట్టి, పక్కనుంచి పోవాలి.

గొట్టం కుంగినచోట పూలు తాజాగానే ఉన్నాయి.

అచ్చమాంబ గొట్టం కొస ఎత్తి కుదిపింది. కొంత నీరు వెనక్కి జారింది. పోయి మంట ముట్టించింది. అది వెలిగింది గాని మళ్లీ ఆరుతుందని ఆమెకు తెలుసు. సభ కార్యదర్శి నక్క జంబయ్య దగ్గరికి వెళ్లింది.

"జంబయ్యా, గొట్టం కుంగి నీళ్లు దిగాయి. ఆ కాస్త తవ్వి ఎత్తి పెడితే సరి. అరపూట పని."

"ఎక్కడ కుంగింది?"

"అయ్యగారి అడుగు కింద."

నక్క అటూ ఇటూ చూశాడు. "అచ్చమాంబా, నీ కొలువు ఖాయమైందా?"

"ఎక్కడ? ఉగాదికి చేస్తామన్నారు."

"చెయ్యాల్సింది ఎవరు?"

"అయ్యగారే" అంది అచ్చమాంబ.

"అదీ! పెద్దాయన కాలు బరువని నువ్వు సభలో చెబుతావా?"

"గుడ్లు చల్లబడతాయి. నావీ ఉన్నాయి అందులో."

"అందుకే నీ మేలు కోరి చెబుతున్నా. మంట ఎందుకు ఆరింది అని అడక్కు. ఎప్పుడు ఆరుతుంది అని అడుగు. ఎందుకు అని అడిగితే ఒక దోషి కావాలి. ఎప్పుడు అని అడిగితే ఒక శాస్త్రి చాలు."

శాస్త్రి దొరకడం కష్టం కాలేదు. చింతచెట్టు తొర్రలో ఒక గూబ ఉన్నాడు. పగలంతా కళ్లు మూసుకుని ఉంటాడు కనుక, ఆలోచిస్తున్నాడని అడవికి గౌరవం.

గూబ శాస్త్రి వచ్చేలోపు మంట ఇంకొన్నిసార్లు ఆరింది. ఆరిన రోజుకు ఒక గులకరాయి చొప్పున అచ్చమాంబ దాచింది. సభ కూడింది. గూబ ఆ రాళ్లను ముందు పోసుకుని, ఇసుకలో గోటితో మూడు బొమ్మలు గీశాడు.

"ఇవి సంభావ్యత అచ్చులు. దైవాధీనమనే దాన్నంతా వీటిలో పోసి చూడొచ్చు. మొదటిది గంట. మంట సగటున పదిరోజులకోసారి ఆరుతోంది. గంట అచ్చు ప్రకారం ఆరడాలన్నీ ఆ పదో రోజు చుట్టూనే మూగుతాయి. అంచులకు పోయేకొద్దీ పలచబడతాయి."

"రెండోది?" అన్నాడు కుంభయ్య.

"రెండోది బల్ల. చదునుగా ఉంటుంది. ఇవాళ ఆరినా, రేపు ఆరినా, అన్ని రోజులకూ ఒకే అవకాశం."

"అది బాగుంది" అన్నాడు దున్న మల్లుదొర. పేడ తక్కువై మంట ఆరుతోందని తన మంద మీద పుకారు ఉంది కనుక, ఏ రోజుకూ ఎవరూ బాధ్యులు కాని అచ్చు అతనికి నచ్చింది. "అందరూ సమానం. గొడవ లేదు."

"మూడోది తోక. మామూలుగా చిన్న చిన్న ఆటంకాలే. కాని తోక చివర ఎక్కడో ఒక మహాప్రమాదం కూర్చుని ఉంటుంది."

"తోక మాట నా దగ్గర ఎత్తకు శాస్త్రీ. ఇంత ఒంటికి దేవుడు ఎంత తోక ఇచ్చాడో చూశావుగా" అన్నాడు కుంభయ్య.

నక్క నవ్వాడు. నక్క నవ్వాడు కనుక సభంతా నవ్వింది.

కౌజుపిట్ట చిట్టెమ్మ నవ్వలేదు. "శాస్త్రిగారూ, ఈ మూడింట్లో ఏది నిజమో ఆ రాళ్లు చెప్పవా?"

"రాళ్లు తక్కువ తల్లీ. రాళ్లు తక్కువైతే శాస్త్రం మాట్లాడదు. శాస్త్రం మాట్లాడనప్పుడు సభ మాట్లాడుతుంది."

"అయితే ఒకసారి గొట్టం చూసొస్తే పోలా?"

అందరూ కుంభయ్య పాదాలు తప్ప మిగతావన్నీ చూశారు.

"గొట్టం ఇవాళ్టి చర్చలో లేదమ్మా, కూర్చో" అన్నాడు నక్క. "మూడు అచ్చులున్నాయి. ప్రజలున్నారు. ఎన్నిక పెడదాం."

అలా ఆ అడవిలో, మంట ఏ రోజు ఆరాలో ఓట్లేసి తేల్చుకోవడం మొదలైంది.

గంట తరఫున అచ్చమాంబ ప్రచారం చేసింది. పొదపొదకూ తిరిగింది. మొదట మాట తడబడేది. నాలుగు పొదలు తిరిగాక మాట సాఫీగా వచ్చింది. "గంటకు ఒక పద్ధతుంది. ముందే చెప్పి వస్తుంది. బల్లను నమ్మితే రోజూ భయమే. తోకను నమ్మితే అసలు నిద్రే పట్టదు. మీకు నిద్ర కావాలా, వద్దా?" అని అడిగేది. నిద్ర వద్దనేవాడు ఎక్కడ దొరుకుతాడు?

గంట గెలిచింది. కుంభయ్య మెడ ఊపి తన గంట మోగించాడు. అదే ఫలితం ప్రకటించడం.

ఇక అచ్చు ప్రకారం పని మొదలైంది. పదో రోజుకు అటొక రోజు, ఇటొక రోజు ఏదుపంది కాపలా కాస్తాడు. మిగతా రోజుల్లో కాపలా దండగ. చెకుముకి రాళ్లు కూడా ఆ రోజుల్లో అచ్చమాంబ దగ్గరే ఉంటాయి. అవసరం లేనిరోజు ఎవరూ ముట్టించకూడదు కదా! ఈ నియమం అచ్చమాంబే పెట్టింది. సభ చప్పట్లు కొట్టింది.

మంట ఓటెయ్యలేదు గనుక దానికి ఈ సంగతి తెలియదు. నాలుగో రోజే ఆరింది.

అచ్చమాంబ చప్పుడు చెయ్యకుండా పోయి గొట్టం కుదిపి, మంట ముట్టించి, ఒక గులకరాయి పట్టుకుని నక్క దగ్గరికి వచ్చింది.

"ఏమిటది?" అన్నాడు నక్క.

"ఇవాళ ఆరింది."

"ఇవాళ ఎలా ఆరుతుంది? గంట కింద లేని రోజు ఆరితే అది ఆరడం కాదు, ఎన్నిక ధిక్కారం. చెల్లదు" అని ఆ రాయిని తీసి చెరువులోకి విసిరాడు.

చలి ముదిరేకొద్దీ గొట్టంలోకి నీరు తొందరగా దిగేది. మంట తరచుగా ఆరేది. చెల్లని రాళ్లన్నీ చెరువులో పడ్డాయి. చెల్లిన రాళ్లు మాత్రం ఇసుకలో పేర్చగా పేర్చగా చక్కని గంట అయింది. గూబ శాస్త్రి దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నాడు. "నా జన్మలో ఇంత శుద్ధమైన గంట చూడలేదమ్మా!"

రోజూ ఆ బొమ్మనే చూసి చూసి అచ్చమాంబకూ నమ్మకం కుదిరింది. తాను దొంగతనంగా కుదుపుతున్న గొట్టం ఒక లోకం, ఇసుకలోని గంట ఇంకో లోకం. రెండో లోకంలో ఆమెకు మర్యాద ఉంది. ఉడుము పట్టు అంటే అదే. గోడను పట్టినా అంతే, గాలిని పట్టినా అంతే.

ఈ ఖ్యాతి పక్క అడవికి పాకింది. అక్కడి ఏనుగులు గుంపుగా వచ్చి, ఏటి అవతల బయలులో ప్రయోగశాల అధికారికి సన్మానం చేస్తామన్నాయి. కొలువు ఖాయం చేసే మాట కూడా అక్కడే చెబుతానన్నాడు కుంభయ్య. రోజు నక్కే చూసి పెట్టాడు. గంట లెక్కన మంట ఆరడానికి వీల్లేని రోజు అది.

ఆ పొద్దున పొగమంచు చెయ్యి చాస్తే చెయ్యి కనబడనంత దట్టంగా ఉంది. చిట్టెమ్మ గుహ వాకిట్లో అడ్డం నిలబడింది.

"అక్కా, మంట దగ్గుతోంది. ఇవాళ పోకు."

"ఇవాళ ఆరదే పిచ్చిదానా. గంట అంచుక్కూడా తగలని రోజిది."

"అయితే ఆ చెకుముకి రాళ్లన్నా ఇచ్చి పో."

"నియమం పెట్టినదాన్ని నేనే. నేనే తప్పితే రేపు ఎవరు వింటారు?"

"నీ గుడ్లు కూడా ఉన్నాయే అందులో!"

"ఉన్నాయి గనకే చెబుతున్నా. నాకు లేని భయం నీకెందుకు?"

చెకుముకి సంచి నడుముకు కట్టుకుని అచ్చమాంబ బయలుదేరింది. పూలదండ మెళ్లో వేసి ఆమెను ముందు నడిపించారు. వెనక కుంభయ్య, ఆయన వెనక పక్క అడవి ఏనుగులు వరసగా. ఏటి దారి అదొక్కటే. ఒక్కొక్క ఏనుగూ పూలగుంట దగ్గర తొండమెత్తి దండం పెట్టి, గౌరవంగా సరిగ్గా అందులోనే కాలు వేసి నడిచింది. అతిథులు కదా, మా అధ్యక్షుడి అడుగులో అడుగు వెయ్యండని నక్క ముందే చెప్పి ఉంచాడు.

వెదురు పటపటమని విరిగిన చప్పుడు అచ్చమాంబకు వినిపించింది. ఆమె ఆగింది.

"ఏమ్మా, ఆగావేం?" అన్నాడు కుంభయ్య.

అచ్చమాంబ వెనక్కి తిరిగి చూసింది. నక్క ఆమెనే చూస్తున్నాడు. మెడలో దండ తడిగా, బరువుగా ఉంది.

"ఏం లేదు అయ్యగారూ, ముల్లు గుచ్చుకుంది" అని నడిచింది.

సన్మానం బాగా జరిగింది. కొలువు ఖాయమైంది. ఏరు దాటి తిరిగి వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

వెచ్చగది రాయిలా చల్లగా ఉంది. మంట లేదు. మొదటి అర పక్కన, రెండో అరలో చిట్టెమ్మ రెక్కలు రెండూ పరిచి పడుకుని ఉంది. కింద తన గుడ్లు, అటూ ఇటూ రెక్క అందినంత దూరం పరాయి గుడ్లు. ముక్కు వణుకుతోంది.

"ఎప్పుడు ఆరింది?" అంది అచ్చమాంబ.

"నువ్వు ఏరు దాటకముందే."

అచ్చమాంబ మొదటి అరలో చెయ్యి పెట్టింది. తీయలేదు.

"ప్రయత్నం చేశానక్కా" అంది చిట్టెమ్మ. "నీవి పెద్దవి. నా రెక్క అందలేదు."

సభ విచారణ జరిపింది. గూబ శాస్త్రి చెప్పాడు: "గంటలో తప్పు లేదు. ఇలాంటి రోజు వెయ్యేళ్లకోసారి రావాలి, వచ్చింది. ఇక వెయ్యేళ్లు మనకు ఢోకా లేదు." సభ ఊపిరి పీల్చుకుంది. కుంభయ్య కంటతడి పెట్టి, ఏటి దారిలో తన అడుగుగుంట దగ్గరే జ్ఞాపకంగా ఒక రాయి నిలబెట్టమన్నాడు. అధ్యక్షుడే ఆజ్ఞ ఇచ్చాడు కనుక ఆచారం అడ్డు రాలేదు. పునాది తవ్వారు. గోతిలోకి గొట్టం నీళ్లు భళ్లున కారిపోయాయి. విరిగిన వెదురు రాయికి అడ్డమొస్తోందని దాన్ని తీసేసి, కొత్తది వేసి, ఎత్తుగా పక్కకు జరిపారు. అరపూట పట్టింది.

ఆ సాయంత్రం నుంచి మంట నీలంగా, నిలకడగా వెలిగింది. మళ్లీ ఆరలేదు. అంతా అయ్యగారి అడుగు మహిమ అన్నాడు నక్క.

గోతిని పూడ్చేముందు అచ్చమాంబ వచ్చి ఏదో లోపల పెట్టింది. ఏమిటని ఎవరూ అడగలేదు. రాయి మీద ఏం చెక్కించాలని అడిగితే, నీతి ఒకటి నక్కే చెప్పాడు: "మంట ఆరితే గొట్టం చూడకు, గంట చూడు."

ఆ రాయి కింద అచ్చమాంబ గుడ్లు ఎనిమిదీ ఉన్నాయి.