దొంగసొత్తు వాపసు

శుక్రవారం వర్క్ ఫ్రం హోమ్. ఆ పూట వీరరాఘవులు వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. తొమ్మిదింటి మీటింగులో కెమెరా ఆపేసి, బేస్‌మెంట్‌లోంచి ఇస్త్రీ బల్ల పైకి తెచ్చి, నల్లసూటు ఇస్త్రీ చేసుకోవాలి. వచ్చే గురువారం ఇంటిల్లిపాదికీ పౌరసత్వ ప్రమాణం, అదే సిటిజెన్‌షిప్ ఓత్. అమెరికాలో తొమ్మిదేళ్ళు గ్రీన్‌కార్డు కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాచాక, కెనడాలోని రిచ్‌మండ్ హిల్ వచ్చి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టిన మనిషి. గురువారం దాకా గట్టిగా తుమ్మడానికి కూడా భయపడుతున్నాడు.

బేస్‌మెంట్‌లో లైటు వేసేసరికి ఇస్త్రీ బల్ల వెనక దుప్పటి కప్పిన కుప్ప ఒకటి కనిపించింది. దుప్పటి లాగాడు. కాఫీ మెషీన్, ల్యాప్‌టాప్, మూడు హ్యాండ్‌బ్యాగులు, ఐస్ స్కేట్లు. ఒక్కటీ తన ఇంట్లోది కాదు. పైన ఓ పసుపు కాగితం, దాని మీద కూతురు ధాత్రి చేతిరాత.

"14వ నంబరు: కాఫీ మెషీన్. పగలు ఎవరూ ఉండరు. పక్క తలుపు. 22: బ్యాగులు. ముసలావిడ ఒక్కతే, చెవులు సరిగా వినపడవు. 31: ల్యాప్‌టాప్, స్కేట్లు. కుక్క ఉంది, బిస్కెట్ వేస్తే చాలు."

అన్నీ తమ వీధిలోని ఇళ్ళే! వీరరాఘవులు మెట్ల మీద కూలబడ్డాడు. పోయిన ఆదివారం భార్యాబిడ్డలతో కూచుని చూసిన సినిమా కళ్ళముందు గిర్రున తిరిగింది. అందులో మాంట్రియల్ పిల్లలు. ఇంట్లోనే ఈతకొలను, పదహారేళ్ళకే కార్లు, దేనికీ లోటు లేదు. అయినా సరదా కోసం పక్కిళ్ళు దోచి సామానంతా బేస్‌మెంట్‌లో దాస్తారు. "తల్లిదండ్రులు గడ్డి పీకుతున్నారా?" అని ఆ రోజు టీవీని నిలదీసింది ఈయనే. పదిహేడేళ్ళ ధాత్రి ఫోన్లోంచి తలెత్తి, "ఇట్స్ జస్ట్ అ మూవీ, డాడ్" అంది. ఎంత తొణక్కుండా అందో ఇప్పుడు అర్థమైంది.

భార్య బాలత్రిపురసుందరికి చెబుదామా? ఆవిడ డెంటల్ క్లినిక్‌లో రిసెప్షనిస్టు. చెబితే అక్కడ నోరు తెరుచుకుని పడుకున్న పేషెంట్లందరికీ తెలిసిపోతుంది. పిల్లని అడుగుదామా? ఒప్పుకుంటే ఆ తర్వాత తెలిసీ దాచినట్టవుతుంది. కేసు పడిందంటే ఓత్ మాట దేవుడెరుగు, పిల్ల చదువూ బతుకూ గోవిందా. ఇక ఒక్కటే దారి. ఎవరి సామాను వాళ్ళ గుమ్మంలో గుట్టుచప్పుడు కాకుండా పెట్టేసి రావాలి.

మధ్యాహ్నం రెండింటికి మంకీ క్యాప్, నల్ల కోటు తగిలించుకుని, ధాత్రి చిన్నప్పుడు మంచు మీద జారిన స్లెడ్ బండి మీద సామాను పేర్చి, మంచులో ఈడ్చుకుంటూ బయల్దేరాడు. పద్నాలుగో నంబరు పక్క తలుపు దగ్గర కాఫీ మెషీన్ పెట్టాడో లేదో, పైనున్న కెమెరా "హలో! మిమ్మల్ని రికార్డ్ చేస్తున్నాం" అని ఇంగ్లీషులో పలకరించింది. కంగారులో రెండు చేతులూ జోడించి కెమెరాకి దణ్ణం పెట్టి పరిగెత్తాడు.

ఇరవై రెండులో ఇంకా ఘోరం. బ్యాగులు పెడుతుండగానే ముసలావిడ తలుపు తీసింది. ఈయన బ్యాగులు చూపించి సైగలు చేశాడు. ఆవిడ ఓహో అని తలాడించి, లోపలికెళ్ళి ఓ ఉన్ని కోటూ ఇంకో రెండు బ్యాగులూ తెచ్చి, ఆ మూడింటితో సహా స్లెడ్ మీద పడేసి, బుగ్గ తట్టి తలుపేసుకుంది. ఇవ్వడానికి వెళ్ళినవాడు రెట్టింపు సామానుతో బయటపడ్డాడు.

ముప్పై ఒకటి దగ్గర బిస్కెట్ తేలేదని గుర్తొచ్చింది. కుక్కకీ గుర్తొచ్చింది. స్కేట్లు ఒకవైపు, ల్యాప్‌టాప్ ఒకవైపు విసిరేసి, ఎడంచేతి గ్లోవు దాని నోటికి అప్పగించి, స్లెడ్ ఈడ్చుకుంటూ ఇంటి ముందుకొచ్చి పడ్డాడు. అంతలో ఫోన్ మోగింది.

"ఏమండీ! మన వీధిలో దొంగ పడ్డాట్ట! గ్రూపులో వీడియో పెట్టారు. నలభయ్యో నంబరు కోదండరామ్ గారు పోలీసులకి కాల్ చేశార్ట. మీరు మాత్రం బయటికి రాకండి!"

"రాను," అన్నాడు వీరరాఘవులు, వీధిలో నిలబడి.

"వాడి కోటు అచ్చం మీదానిలాగే ఉందండీ. కెమెరాకి దణ్ణం కూడా పెట్టాడు వెధవ!"

ఆవిడ మాట పూర్తికాకుండానే పోలీసు కారు వచ్చి ఆగింది. పొడుగాటి ఆఫీసరమ్మ దిగి, స్లెడ్ మీది ఉన్ని కోటు వంక, ఈయన వంక చూసి, ఇదంతా ఏమిటని అడిగింది.

"తప్పంతా నాదే," అన్నాడు వీరరాఘవులు. "మా అమ్మాయికి ఏ సంబంధమూ లేదు."

"మీ అమ్మాయి గురించి నేను అడగలేదే!"

నాలుక్కరుచుకున్నాడు. జేబులో పసుపు కాగితం! అది గనక ఈవిడ చేతిలో పడితే? పదకొండేళ్ళప్పుడు ఈ వాకిట్లోనే స్లెడ్ మీంచి పడి ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. తన ఓత్ పోతే పోయింది, పిల్ల మిగలాలి. కాగితం తీసి నోట్లో కుక్కుకుని నమలడం మొదలెట్టాడు. ఆఫీసరమ్మకి తన ఉద్యోగంలో ఇలాంటిది ఎదురైనట్టు లేదు, నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే స్కూలు నుంచి ధాత్రి వచ్చింది. "డాడ్? వై ఆర్ యూ ఈటింగ్ మై లిస్ట్?"

రెండు నిమిషాల్లో అంతా తేలిపోయింది. కొత్తగా దేశానికొచ్చిన కుటుంబాల కోసం వీధివాళ్ళు ఇస్తామన్న సామాను అది. స్కూలు పాసవ్వాలంటే ఇన్ని వాలంటీర్ గంటలు ఉచితసేవ చేసినట్టు చూపించాలి కదా, ధాత్రి ఇల్లిల్లూ తిరిగి పోగేసింది. పోయిన వారం భోజనాల దగ్గర చెప్పింది కూడా. తండ్రి ఫోన్ చూసుకుంటూ "ఊఁ, వెరీ గుడ్" అన్నాడు. ఆఫీసరమ్మ ఇరవై రెండుకి వెళ్ళి అడిగొచ్చింది. ఆ మర్యాదస్తుడు మళ్ళీ వస్తే ఒక సోఫా కూడా ఉందని చెప్పమందట ముసలావిడ. సామాను ఇచ్చిపోయిన నేరానికి ఏ సెక్షన్ పెట్టాలో తనకి తెలియదంటూ ఆఫీసరమ్మ నవ్వుకుంటూ కారెక్కింది.

ధాత్రి ఇటు తిరిగింది. "యూ థాట్ ఐ స్టోల్ ఆల్ దిస్?"

వీరరాఘవులు సిగ్గుతో చచ్చిపోయాడు. "తప్పయిపోయిందే తల్లీ. నా బుర్ర పనిచెయ్యలేదు."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తీరా చూస్తే అది ఏడుపు కాదు, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"స్కూల్లో అందరూ నన్ను బోరింగ్ అంటారు డాడ్. నువ్వు నన్ను గ్యాంగ్ లీడర్ అనుకున్నావా? బెస్ట్ కాంప్లిమెంట్ ఎవర్!" కళ్ళు తుడుచుకుని, మెల్లగా అడిగింది. "పేపర్ నాకోసం తిన్నావా?"

"నీకోసం కాకపోతే ఇంకెవరికోసం తింటానే?"

ధాత్రి ఒక చేత్తో తండ్రి మెడ చుట్టేసింది. రెండో చెయ్యి ఆయన ముందు చాపింది. "ఇప్పుడు అంతా మళ్ళీ కలెక్ట్ చెయ్యాలి. ఐ నీడ్ ద కార్. హోల్ వీకెండ్."

కూతురికి లైసెన్సు వచ్చి ఆర్నెల్లయినా తన కొత్త కారు స్టీరింగు తాకనివ్వని తండ్రి, బుద్ధిగా తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు.

ఆ వీధిలో ఆ వారం నిజంగా జరిగిన దోపిడీ అదొక్కటే.