సౌండ్ పెట్టకూడని సౌండ్ ఎక్స్‌పో

క్రాంతి కుమార్ గారి మీద నాకు ఒక్కటే కోపం. ట్రేడ్ షో అనే మహత్తరమైన ఏర్పాటు ఒకటుందని పాతికేళ్ల కిందటే చెప్పి ఉంటే, నా బతుకు అప్పుడే తేలిపోయేది కదా!

నేను ఏలూరులో ఆంప్లిఫయర్లు, మైకు బాక్సులు తయారుచేసి అమ్ముతాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా వ్యాపారమూ అలాగే మోటుగా ఉండేది. కొల్లేరు పల్లెల్లో చర్చికో పెళ్లికో బాక్స్ కావాలంటే, చేపల చెరువు గట్టు మీద పెట్టి మోగించేవాణ్ణి. కొనేవాళ్లు పడవెక్కి అవతలి గట్టుకి వెళ్లి వినేవారు. నీళ్ల మీదుగా ప్రతి మాటా స్పష్టంగా అందితే అక్కణ్ణుంచి తుండుగుడ్డ ఊపేవారు. బేరం కుదిరినట్టే.

ఇదీ ఒక వ్యాపారమేనా చెప్పండి? బ్రోషర్ లేదు, మెడలో ట్యాగ్ లేదు. బాగా వినబడిందని కొనేయడమేనా!

ఆ అజ్ఞానంలోంచి నన్ను లాగింది క్రాంతి కుమార్ గారే. హైదరాబాద్ ఎక్స్‌పోలో మన జిల్లా వాళ్లకి స్టాళ్లు కుదిర్చిపెట్టడం ఆయన పని. "ఇంకెన్నాళ్లు గట్ల మీద కూర్చుంటారండీ? మీకు ఎక్స్‌పోజర్ కావాలండీ," అన్నారు.

అద్దె షెడ్డు వదిలి సొంతది వేసుకుందామని నేనూ మా ఆవిడ సబీహా ఒక స్థలం అట్టేపెట్టుకున్నాం. స్టాలుకీ, బ్యానర్లకీ, లాడ్జికీ అని దాన్ని అమ్మేశాను. ఎక్స్‌పోజర్ వచ్చాక షెడ్డెందుకు, ఫ్యాక్టరీయే కట్టొచ్చు!

ఎక్స్‌పోలో మూడు అట్ట గోడలు, ఒక బల్ల, రెండు కుర్చీలు ఇచ్చారు. మూడో కుర్చీకి అద్దె వేరే. నా బాక్స్ ఆన్ చేశానో లేదో, సెక్యూరిటీ అతను పరుగున వచ్చి ప్లగ్గు పీకేశాడు. హాల్లో సౌండ్ పెట్టకూడదట. పక్క స్టాళ్లకి డిస్టర్బెన్సట. పక్క స్టాళ్లలో ఏం అమ్ముతున్నారనుకున్నారు? స్పీకర్లే!

ఎంత గొప్ప రూలో చూడండి. మోగిస్తే ఏది మంచిదో, ఏది చెత్తదో తెలిసిపోదూ? మోగనంతసేపూ అన్నీ సమానమే.

సాయంత్రం 'బెస్ట్ సౌండ్' అవార్డు ఎదుటి స్టాలు బాక్స్‌కి ఇచ్చారు. దానికి ఏడు రంగుల లైట్లున్నాయి. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ రోజు ఆ హాల్లో మోగినవి ఆ చప్పట్లే.

కొత్త కస్టమర్ల మాటంటారా? కొల్లేరు నుంచి రూబెన్ గారు వచ్చారు. ఏళ్ల తరబడి వాళ్ల చర్చిలో ఉన్నవి నా బాక్సులే. "ఏవండీ, మీరూ ఇక్కడే ఉన్నారా!" అని ఎంతో సంతోషించి, ఎదుటి స్టాల్లో అవార్డు బాక్స్ కొనుక్కున్నారు. నా మొహం చూసి నొచ్చుకున్నారు కూడా.

"మీది వినాలంటే పడవెక్కాలండీ. ఇదైతే చూస్తే చాలండీ," అన్నారు.

ఆ బాక్స్‌ని ఊళ్లో చెరువు గట్టు మీద పెట్టారట. అవతలి గట్టుకి లైట్లు చాలా బాగా కనబడ్డాయట! రిపేరుకి నా దగ్గరికే తెచ్చారు.

ఇంటికొచ్చిన రోజు సబీహా ఒక్కటే అడిగింది. "ఇంతకీ మోగించనిచ్చారా?" మార్కెటింగ్ తెలియని మనిషి మరి!

అన్నట్టు, నా స్థలానికి బేరం రాకపోతే పాపం క్రాంతి కుమార్ గారే కొన్నారు. కిందటి నెల అక్కడ ఆఫీసు తెరిచారు. ప్రారంభోత్సవానికి మైకూ బాక్సులూ నావే, ఎక్స్‌పోజర్ కోసం ఉచితంగా. వచ్చే ఏడాది కార్నర్ స్టాలు తీసుకోమని ఆయన మైకులోనే నాకు సలహా ఇచ్చారు. రోడ్డవతల నిలబడి విన్నాను. ప్రతి మాటా స్పష్టంగా అందింది.

ఆ స్థలమా? తాడేపల్లిగూడెం రోడ్డు పక్కన, తూర్పు ముఖం, సెంటున్నర.